ఫైల్ క్లోజ్ చేసేటప్పుడు రైట్ ఎర్రర్లు పట్టుకోవడం ఎలా: బఫర్ నుంచి డిస్క్ దాకా

ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెడదాం. సీ భాష నేర్చుకునేవాళ్లు అందరూ మొదట రాసే ప్రోగ్రామ్ ఒకటుంది కదా, ప్రింట్‌ఎఫ్‌తో ఒక లైను వేసి మెయిన్ నుంచి 0 రిటర్న్ చేసేది. దాన్ని కంపైల్ చేసి, అవుట్‌పుట్‌ను స్క్రీన్ మీదికి కాకుండా డెవ్ డైరెక్టరీలో ఉండే ‘ఫుల్’ అనే పరికరానికి మళ్లించండి. లైనక్స్‌లో ఈ పరికరం ఎప్పుడూ నిండిపోయిన డిస్క్‌లా నటిస్తుంది. ఏం రాయబోయినా చోటు లేదంటుంది. ప్రోగ్రామ్ ముగిశాక ఎగ్జిట్ కోడ్ చూడండి. 0 వస్తుంది. ఒక్క అక్షరం కూడా ఎక్కడికీ చేరలేదు, ప్రోగ్రామ్ మాత్రం పని అయిపోయిందని చెప్పి వెళ్లిపోయింది.

అదే ప్రోగ్రామ్‌ను ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి, చేసే ప్రతి కాల్‌నూ చూపించే టూల్) కింద నడిపితే సంగతి బయటపడుతుంది. చివరి లైన్లు చూడండి. రైట్ కాల్ -1 ఇచ్చింది, కారణం ఈనోస్పేస్ (చోటు లేదు) అని చెప్పింది. దాని కిందే ఎగ్జిట్ కాల్, 0తో. కెర్నెల్ చెప్పాల్సింది చెప్పింది, వినిపించుకున్నవాళ్లే లేరు.

ఇది పాఠ్యపుస్తకాల సమస్య అనుకుని నేనూ చాలాకాలం పట్టించుకోలేదు. ఒకసారి రాత్రిపూట నడిచే ఎక్స్‌పోర్ట్ జాబ్ ఒకటి నెట్‌వర్క్ స్టోరేజ్ మీద ఫైళ్లు రాసేది. వరుసగా మూడు రోజులు లాగ్‌లో ‘విజయవంతం’ అనే ఉంది. నాలుగో రోజు ఎవరో ఫైల్ తెరిచి చూస్తే చివరి రికార్డు సగంలో తెగిపోయి ఉంది. స్టోరేజ్ మీద మా కోటా నిండిపోయింది, ఆ ఎర్రర్ క్లోజ్ దగ్గర వచ్చింది, మా కోడ్‌లో క్లోజ్ రిటర్న్ వాల్యూను చూసే లైనే లేదు. ఆ కోడ్ రాసింది నేనే కాబట్టి తిట్టుకోవడానికి కూడా వేరే మనిషి దొరకలేదు.

ముందు, డేటా ఎక్కడెక్కడ ఆగుతుందో

మీరు ఎఫ్‌రైట్ లేదా ప్రింట్‌ఎఫ్ పిలిచినప్పుడు డేటా నేరుగా డిస్క్‌కి వెళ్లదు. మొదట మీ ప్రాసెస్ మెమరీలోనే ఉన్న లైబ్రరీ బఫర్‌లో ఆగుతుంది. ఫైల్ అయితే ఆ బఫర్ సాధారణంగా 4096 బైట్లు. అది నిండినప్పుడో, ఎఫ్‌ఫ్లష్ పిలిచినప్పుడో, ఎఫ్‌క్లోజ్ చేసినప్పుడో రైట్ సిస్టమ్ కాల్ (కెర్నెల్‌ను నేరుగా అడగడం) జరుగుతుంది. అక్కడి నుంచి డేటా కెర్నెల్ పేజ్ క్యాష్‌లోకి (ఫైళ్ల డేటాను కెర్నెల్ మెమరీలో ఉంచుకునే చోటికి) వెళ్తుంది. రైట్ కాల్ ‘సరే’ అందంటే అర్థం పేజ్ క్యాష్‌లోకి కాపీ అయిందని, అంతే. కెర్నెల్ దాన్ని తీరిగ్గా, వెనకనుంచి డిస్క్‌కి పంపుతుంది. లైనక్స్ డీఫాల్ట్ సెట్టింగులలో ఫ్లషర్ త్రెడ్ 5 సెకన్లకోసారి లేస్తుంది, 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలను (ఇంకా డిస్క్‌కి రాయని పేజీలను) పంపిస్తుంది. ఆ తర్వాత డిస్క్‌కి మళ్లీ సొంత క్యాష్ ఒకటి.

కాబట్టి ఎర్రర్ పుట్టేచోటు వేరు, అది మీ చెవిన పడేచోటు వేరు. ప్రింట్‌ఎఫ్ ‘13 అక్షరాలు రాశాను’ అని రిటర్న్ చేసినప్పుడు అది అబద్ధమాడటం లేదు. తన బఫర్‌లో నిజంగానే 13 అక్షరాలు పెట్టుకుంది. మనమే దాన్ని డిస్క్ మీద రాసినట్టు లెక్కేసుకుంటున్నాం. కింద చెప్పే పద్ధతంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: ఒక్కో మజిలీని వదిలిపెట్టే ముందు, ఇక్కడ ఏమైనా తేడా వచ్చిందా అని ఆ మజిలీనే అడగాలి. వదిలేశాక అడగడానికి ఎవరూ ఉండరు.

ఇక్కడ చాలామంది పోల్చుకోని చిక్కు ఒకటుంది. పెద్ద ఫైళ్లకంటే చిన్న ఫైళ్లకే ఎక్కువ ప్రమాదం. పది మెగాబైట్ల ఫైల్ రాస్తుంటే బఫర్ వేలసార్లు నిండుతుంది, మధ్యలో ఎక్కడో ఒక ఎఫ్‌రైట్ ఫెయిలై మీకు సూచన అందుతుంది. అదే 600 బైట్ల కాన్ఫిగరేషన్ ఫైల్ అయితే? మొత్తం బఫర్‌లోనే ఇమిడిపోతుంది. మొట్టమొదటి రైట్ సిస్టమ్ కాల్ జరిగేదే ఎఫ్‌క్లోజ్ లోపల. అంతకుముందు మీరు ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ రిటర్న్ వాల్యూ ఎంత శ్రద్ధగా చూసినా ఫలితం లేదు. పైగా రైట్ మోడ్‌లో ఎఫ్‌ఓపెన్ చేసిన క్షణంలోనే పాత ఫైల్ సున్నా బైట్లకు కుదించుకుపోయింది. నిండిన డిస్క్ మీద అలా ఖాళీ అయిన చోటును ఈలోగా వేరే ప్రాసెస్ ఎత్తుకుపోతే, పాతదీ లేదు, కొత్తదీ లేదు.

1. రాసేటప్పుడు

రైట్ సిస్టమ్ కాల్‌ను నేరుగా వాడేవాళ్లు రెండు విషయాలు చూడాలి. -1 వచ్చిందా అన్నది అందరికీ తెలిసిందే. రెండోది, అడిగినన్ని బైట్లు రాసిందా అని. 8000 బైట్లు ఇస్తే 5000 రాసి ‘5000’ అని రిటర్న్ చేయవచ్చు. అది ఎర్రర్ కాదు. మిగిలిన 3000ను మళ్లీ పంపాల్సిన బాధ్యత మీది. డిస్క్ నిండే సమయంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. మొదటి కాల్ సగం రాసి తిరిగొస్తుంది, రెండో కాల్‌లోనే ఈనోస్పేస్ వస్తుంది. లూప్ పెట్టని ప్రోగ్రామ్‌కు ఆ రెండో కాల్ ఎప్పుడూ రాదు, ఎర్రర్ ఎప్పుడూ కనబడదు.

స్టాండర్డ్ ఐఓ లైబ్రరీ వాడేవాళ్లకు కాస్త వెసులుబాటు ఉంది. ఒకసారి ఎర్రర్ వస్తే స్ట్రీమ్ (లైబ్రరీ ద్వారా తెరిచిన ఫైల్) మీద ఒక గుర్తు పడుతుంది, మీరు క్లియర్‌ఎర్ పిలిచేదాకా (లేదా రివైండ్ చేసేదాకా) అది చెరగదు. అందుకే ప్రతి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ తర్వాతా ఇఫ్ పెట్టి కోడ్‌ను ముళ్లకంచెలా తయారుచేయక్కర్లేదు. చివర్లో ఒక్కసారి ఎఫ్‌ఎర్రర్ అడిగితే చాలు. కానీ ఒక లోటు: ఎర్రర్ వచ్చిందని తెలుస్తుంది, ఏ ఎర్రరో తెలియదు. ఏ ఎర్రరో చెప్పే ఎర్‌నో వేరియబుల్ ఆపాటికి వేరే కాల్స్ వల్ల మారిపోయి ఉంటుంది. గిగాబైట్ల కొద్దీ రాసే ప్రోగ్రామ్ అయితే మధ్యమధ్యలో కూడా చూడటం మేలు. లేకపోతే డిస్క్ నిండాక కూడా గంటసేపు గాలిలోకి రాస్తూ కూర్చుంటుంది.

2. ఎఫ్‌క్లోజ్ దగ్గర

ఎఫ్‌క్లోజ్ రెండు పనులు చేస్తుంది. మిగిలిన బఫర్‌ను కెర్నెల్‌కు పంపుతుంది, తర్వాత డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైల్‌కు కెర్నెల్ ఇచ్చిన నంబర్‌ను) క్లోజ్ చేస్తుంది. రెండింటిలో ఏది తప్పినా ఈఓఎఫ్ (ఎర్రర్ అని తెలిపే విలువ) రిటర్న్ చేస్తుంది. విజయమైతే 0. అయితే ఎఫ్‌క్లోజ్ 0 ఇచ్చినంత మాత్రాన అంతకుముందు జరిగిన తప్పులు లేవని కాదు. మధ్యలో ఒక ఎఫ్‌రైట్ ఫెయిలై, ఆ తర్వాత ఎవరో డిస్క్‌లో చోటు ఖాళీ చేస్తే, చివరి ఫ్లష్ బాగానే జరుగుతుంది, ఎఫ్‌క్లోజ్ 0 ఇస్తుంది, ఫైల్ మధ్యలో మాత్రం ఒక ముక్క ఉండదు. అందుకని ఇద్దర్నీ అడగాలి, అదీ వరుస తప్పకుండా:

    ముందే_తప్పిందా = ఎఫ్‌ఎర్రర్(ఫైలు)
    క్లోజ్_తప్పిందా = ఎఫ్‌క్లోజ్(ఫైలు)
    ముందే_తప్పిందా లేదా క్లోజ్_తప్పిందా అయితే:
        తప్పు జరిగిందని చెప్పు

రెండు ఫలితాలనూ వేరువేరు వేరియబుల్స్‌లో పట్టుకున్నది ఊరికే కాదు. చాలామంది రెండు కాల్స్‌నూ ఒకే ఇఫ్‌లో పెట్టి, మధ్యలో రెండు నిలువు గీతల ‘లేదా’ గుర్తు వేస్తారు. మొదటిది నిజమైతే రెండోదాన్ని సీ భాష పిలవనే పిలవదు. అంటే ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ ఫైల్ క్లోజ్ కాకుండా మిగిలిపోతుంది. ఎక్కువకాలం నడిచే సర్వర్‌లో ఇది డిస్క్రిప్టర్ లీక్‌గా తేలుతుంది, అదీ డిస్క్ నిండి అసలే ఊపిరాడని సమయంలో.

ఎఫ్‌క్లోజ్ ఫెయిలైతే మళ్లీ పిలవకండి. ఫలితం ఏదైనా ఆ స్ట్రీమ్ పని అయిపోయింది. రెండోసారి పిలిస్తే ఏం జరుగుతుందో స్టాండర్డ్ హామీ ఇవ్వదు, విడుదలైన మెమరీతో ఆడుకుంటున్నట్టే. మళ్లీ ప్రయత్నించే ఉద్దేశం ఉంటే ముందుగా ఎఫ్‌ఫ్లష్ పిలిచి దాని ఫలితం చూడండి, అంతా బాగుంటేనే ఎఫ్‌క్లోజ్‌కు వెళ్లండి.

3. స్టాండర్డ్ అవుట్‌పుట్ కూడా ఫైలే

మొదట్లో చేసిన ప్రయోగం గుర్తుందా? అక్కడ మనం ఏ ఫైలూ తెరవలేదు, క్లోజ్ చేయలేదు. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు లైబ్రరీయే స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను ఫ్లష్ చేస్తుంది, అది ఫెయిలైనా ఎగ్జిట్ కోడ్‌ను మార్చదు. కాబట్టి మీ టూల్ అవుట్‌పుట్‌ను ఎవరైనా ఫైల్‌కి మళ్లించే అవకాశం ఉంటే (ఉంటుంది, కమాండ్‌లైన్ టూల్స్ పుట్టిందే అందుకు) మెయిన్ ముగిసేలోపు స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను కూడా పైన చెప్పినట్టే క్లోజ్ చేసి చూడాలి.

గ్నూ కోర్‌యుటిల్స్ (క్యాట్ లాంటి ప్రాథమిక కమాండ్ల సంకలనం) వాళ్లు ఈ పనిని ఎట్ఎగ్జిట్‌లో (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు నడిచే ఫంక్షన్ల జాబితాలో) రిజిస్టర్ చేసే ఒక చిన్న ఫంక్షన్‌గా పెట్టుకున్నారు. వాళ్లు వాడే గ్నూలిబ్ లైబ్రరీలో దాని పేరు క్లోజ్ ఎస్‌టీడీఅవుట్. అందుకే క్యాట్ అవుట్‌పుట్‌ను ఫుల్ పరికరానికి మళ్లిస్తే ‘రైట్ ఎర్రర్’ అని సందేశం వస్తుంది, ఎగ్జిట్ కోడ్ 1 అవుతుంది. ఆ కోడ్‌లో నాకు బాగా నచ్చిన జాగ్రత్త ఒకటుంది. కొందరు ప్రోగ్రామ్‌ను స్టాండర్డ్ అవుట్‌పుట్ అసలు మూసేసి నడుపుతారు. అప్పుడు క్లోజ్ చేయబోతే ఈబ్యాడ్‌ఎఫ్ (ఆ డిస్క్రిప్టర్ తెరిచి లేదు) అనే ఎర్రర్ వస్తుంది. ప్రోగ్రామ్ ఏమీ రాయకపోతే అది ఎర్రర్ కాదు, రాయడానికి ప్రయత్నించి ఉంటే ఎర్రరే. బఫర్‌లో ఇంకా పంపాల్సింది ఏమైనా మిగిలిందా అని క్లోజ్‌కు ముందే చూసుకుని ఆ రెంటినీ వేరుచేస్తారు.

పైథాన్‌లో ఈ పని ఇంటర్‌ప్రెటర్ చేస్తుంది. 3.6 వెర్షన్ నుంచి, ముగింపులో స్టాండర్డ్ అవుట్‌పుట్ ఫ్లష్ ఫెయిలైతే ఎగ్జిట్ కోడ్ 120 అవుతుంది. లాగుల్లో ఎక్కడైనా 120 కనబడి బుర్ర గోక్కుంటే, ముందు డిస్క్‌లో చోటు చూడండి.

4. డిస్క్రిప్టర్ క్లోజ్: చిన్న కాల్, పెద్ద గందరగోళం

క్లోజ్ సిస్టమ్ కాల్ మాన్యువల్ పేజీ చదివితే మొదట భయం వేస్తుంది, తర్వాత ఆశ్చర్యం వేస్తుంది. ముందు జరిగిన రైట్ తాలూకు ఎర్రర్ క్లోజ్ దగ్గర మొదటిసారి బయటపడవచ్చు, కాబట్టి రిటర్న్ వాల్యూ చూడండి అంటుంది. ఆ వెంటనే, క్లోజ్ బాగా జరిగినంత మాత్రాన డేటా డిస్క్ చేరినట్టు కాదు అని కూడా అంటుంది.

రెండూ నిజమే. ఎందుకో తెలియాలంటే లైనక్స్ లోపలికి ఓసారి తొంగిచూడాలి. క్లోజ్ చేసినప్పుడు కెర్నెల్ ఆ ఫైల్‌సిస్టమ్ ఇచ్చిన ‘ఫ్లష్’ ఫంక్షన్‌ను, అది ఉంటేనే, పిలుస్తుంది. దాని ఫలితమే మీకు వచ్చే రిటర్న్ వాల్యూ. ఈఎక్స్‌టీ4 లాంటి లోకల్ ఫైల్‌సిస్టమ్‌లో అలాంటి ఫంక్షన్ లేదు. అక్కడ క్లోజ్ దాదాపు ఎప్పుడూ 0 ఇస్తుంది, డర్టీ పేజీలు ఇంకా మెమరీలోనే ఉన్నా సరే. ఎన్‌ఎఫ్‌ఎస్, సిఫ్స్ (రెండూ నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్‌లు), ఫ్యూజ్ (మామూలు ప్రోగ్రామ్‌గా నడిచే ఫైల్‌సిస్టమ్‌లకు) లాంటివాటిలో ఆ ఫంక్షన్ ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్ సంగతే తీసుకోండి: ఒకరు క్లోజ్ చేశాక మరొకరు ఓపెన్ చేస్తే కొత్త డేటా కనబడాలన్నది దాని ఒప్పందం. అందుకని క్లోజ్ సమయంలో మిగిలిన డేటా అంతా సర్వర్‌కు పంపి జవాబు కోసం ఆగుతుంది. కోటా నిండింది, చోటు లేదు అని సర్వర్ అనేది అప్పుడే. మా ఎక్స్‌పోర్ట్ జాబ్ దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. డెవలపర్ల ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు నడిపినా రాని ఎర్రర్, ప్రొడక్షన్‌లో నెట్‌వర్క్ మౌంట్ మీద వస్తుంది.

క్లోజ్ నుంచి రాగల ఎర్రర్లలో మీరు గుర్తుపట్టాల్సినవి కొద్దిగానే ఉన్నాయి (నంబర్లు లైనక్స్‌వి). ఈనోస్పేస్, 28, చోటు లేదని. ఈడీకోటా, 122, మీ వాటా అయిపోయిందని. ఈఐఓ, 5, కిందిస్థాయిలో రాత చెడిందని. సాఫ్ట్ మౌంట్ (సర్వర్ కోసం కొంతసేపే ఆగే పద్ధతి) చేసిన ఎన్‌ఎఫ్‌ఎస్‌లో సర్వర్ పలక్కపోయినా ఇదే రావచ్చు. ఈబ్యాడ్‌ఎఫ్, 9, వస్తే మాత్రం డిస్క్‌ను అనుమానించకండి. మీరు ఇప్పటికే క్లోజ్ చేసినదాన్ని మళ్లీ క్లోజ్ చేస్తున్నారు. ఇది కచ్చితంగా మీ కోడ్‌లో బగ్, దాచకుండా గట్టిగా అరిచేలా పెట్టండి.

ఇక ఈఇంటర్, 4. సిగ్నల్ వచ్చి కాల్ మధ్యలో ఆగిందని దాని అర్థం. రీడ్, రైట్ అయితే ఈఇంటర్ వచ్చినప్పుడు మళ్లీ పిలవడం అందరికీ అలవాటు. ఆ అలవాటే క్లోజ్ దగ్గర కొంప ముంచుతుంది. లైనక్స్‌లో క్లోజ్ మొదలైన వెంటనే డిస్క్రిప్టర్ నంబర్ విడుదలైపోతుంది, ఎర్రర్ వచ్చేది ఆ తర్వాతే. మీరు మళ్లీ క్లోజ్ చేసేలోపు మరో త్రెడ్ ఒక ఫైలో సాకెట్టో ఓపెన్ చేసి అదే నంబర్ పొందిందనుకోండి, మీరు దాని ఫైల్‌ను మూసేస్తారు. ఆ బగ్ వెతకడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు. లైనక్స్‌లో క్లోజ్ ఏ ఎర్రర్ ఇచ్చినా మళ్లీ పిలవకూడదు. హెచ్‌పీ-యూఎక్స్ అనే యూనిక్స్‌లో దీనికి విరుద్ధం, ఈఇంటర్ వస్తే డిస్క్రిప్టర్ తెరిచే ఉంటుంది, మళ్లీ పిలవాలి. 2008 నాటి పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఈ విషయాన్ని తేల్చకుండా వదిలేసింది, అందుకే ఈ తిప్పలు.

చదవడానికి మాత్రమే తెరిచిన ఫైల్ అయితే క్లోజ్ ఎర్రర్‌ను పట్టించుకోకపోయినా నష్టం లేదు. పోగొట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ప్రతి క్లోజ్ చుట్టూ గోడ కట్టమని నేను చెప్పను.

5. డిస్క్‌కి చేరిందా అని అడగాలంటే ఎఫ్‌సింక్

కరెంటు పోయినా డేటా ఉండాలి అనుకుంటే క్లోజ్‌కు ముందు ఎఫ్‌సింక్ పిలవాలి. లైబ్రరీ బఫర్ వాడుతుంటే ముందు ఎఫ్‌ఫ్లష్, తర్వాత ఎఫ్‌సింక్, తర్వాత ఎఫ్‌క్లోజ్. ఎఫ్‌ఫ్లష్ మరిచిపోయి ఎఫ్‌సింక్ పిలవడం నేను రివ్యూల్లో తరచూ చూసే తప్పు. కెర్నెల్ దగ్గర ఉన్నదంతా డిస్క్‌కి చేరుతుంది, మీ బఫర్‌లో ఉన్నది మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఎఫ్‌సింక్ ఈఇన్వాల్ (చెల్లని అభ్యర్థన) అంటే కంగారుపడకండి. అది పైప్ లేదా టెర్మినల్ అయి ఉంటుంది, వాటిని డిస్క్‌కి సింక్ చేయడం అనే మాటకే అర్థం లేదు. మ్యాక్‌ఓఎస్‌లో ఎఫ్‌సింక్ డేటాను డ్రైవ్ దాకా పంపుతుంది కానీ డ్రైవ్ సొంత క్యాష్‌ను ఖాళీ చేయించదు. దానికి ఎఫ్‌సీఎన్‌టీఎల్‌లో ఎఫ్ ఫుల్‌ఎఫ్‌సింక్ అనే ప్రత్యేక ఆదేశం ఉంది. విండోస్‌లో ఈ పని చేసేది ఫ్లష్‌ఫైల్‌బఫర్స్. దాని ఫలితం చూసిన తర్వాతే క్లోజ్‌హ్యాండిల్.

ఎఫ్‌సింక్ నిజంగా ఈఐఓ ఇస్తే ఏం చేయాలి? సహజంగా వచ్చే ఆలోచన, మళ్లీ ప్రయత్నిద్దాం అని. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా ఏళ్లతరబడి అలాగే చేసింది. 2018లో తేలింది ఏమిటంటే, లైనక్స్‌లో రాత ఫెయిలైన పేజీలను కెర్నెల్ ‘శుభ్రం’ అని గుర్తుపెట్టేస్తుంది. రెండోసారి ఎఫ్‌సింక్ పిలిస్తే రాయాల్సింది ఏమీ లేదు కాబట్టి 0 ఇస్తుంది. డేటా డిస్క్ మీద లేదు, ప్రోగ్రామ్ మాత్రం ఉందనుకుని ముందుకెళ్తుంది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన 11.2 రిలీజ్ నుంచి, అప్పటి పాత శాఖల అప్‌డేట్లలో కూడా, ఎఫ్‌సింక్ ఫెయిలైతే పోస్ట్‌గ్రెస్ సర్వర్ కావాలనే కూలిపోతుంది. తర్వాత లాగ్ నుంచి రికవరీ చేసుకుంటుంది. మొరటుగా అనిపించినా అదే సరైన దారి. మన ప్రోగ్రామ్‌లకు అన్వయిస్తే: ఎఫ్‌సింక్ ఫెయిలైతే ఆ ఫైల్‌ను నమ్మడం మానేయండి. మీ దగ్గర అసలు డేటా ఉంటే కొత్త ఫైల్‌లో మొదటి నుంచి రాయండి, లేకపోతే తప్పు ఒప్పుకుని ఆగిపోండి.

ఇంకో వివరం. లైనక్స్ 4.13 కెర్నెల్ నుంచి ఎర్రర్ల లెక్క మెరుగుపడింది, ఆ సమయానికి తెరిచి ఉన్న ప్రతి ఓపెన్‌కూ ఆ ఎర్రర్ ఒకసారి అందుతుంది. ఒక్కసారే. ఆ ఒక్కసారి మీరు వినకపోతే రెండోసారి చెప్పదు.

6. పాత ఫైల్‌ను మార్చేటప్పుడు

ఎర్రర్ పట్టుకోవడం ఒక ఎత్తు, పట్టుకున్నాక చేతిలో ఏదో ఒకటి మిగలడం మరో ఎత్తు. పాత ఫైల్ మీదే నేరుగా రాస్తే, ఎర్రర్ తెలిసేసరికి పాతది పోయి ఉంటుంది. అందుకే అదే డైరెక్టరీలో తాత్కాలిక పేరుతో కొత్త ఫైల్ తెరవండి. వేరే డైరెక్టరీ అయితే అది వేరే ఫైల్‌సిస్టమ్ కావచ్చు, అప్పుడు రీనేమ్ పనిచేయదు. అందులో రాసి, ఎఫ్‌ఫ్లష్, ఎఫ్‌సింక్, ఎఫ్‌క్లోజ్ మూడూ విజయమయ్యాకే దాన్ని అసలు పేరుకు రీనేమ్ చేయండి. మూడింట్లో ఏది తప్పినా తాత్కాలిక ఫైల్ తీసేయండి. పాత ఫైల్ చెక్కుచెదరదు. రీనేమ్ కూడా నిలవాలంటే ఆ డైరెక్టరీని ఓపెన్ చేసి దాని మీదా ఎఫ్‌సింక్ పిలవాలి.

ఎఫ్‌సింక్ ఎందుకు, రీనేమ్ చాలదా అనుకునేవాళ్లకు 2009 నాటి ఈఎక్స్‌టీ4 గొడవ గుర్తుచేయాలి. డిలేడ్ అలొకేషన్ (డిస్క్‌లో చోటు కేటాయింపును వాయిదా వేయడం) వల్ల డేటా కంటే ముందు రీనేమ్ డిస్క్‌కి చేరేది. మధ్యలో మెషీన్ పడిపోతే సున్నా బైట్ల ఫైళ్లు మిగిలేవి. తర్వాత ఈఎక్స్‌టీ4లో అలాంటి సందర్భాలకు సర్దుబాటు పెట్టారు కానీ, అన్ని ఫైల్‌సిస్టమ్‌లూ అంత దయగా ఉంటాయనుకోవద్దు.

ఇదే తర్కం కాపీ చేసి అసలుదాన్ని తీసేసే ప్రోగ్రామ్‌లకూ వర్తిస్తుంది: ఫైల్‌ను ఒక డిస్క్ నుంచి మరో డిస్క్‌కి తరలించడం, లాగ్‌ను కంప్రెస్ చేసి పాతది చెరిపేయడం, క్యూలోంచి మెసేజ్ తీసి ఫైల్‌లో పెట్టడం. చెరిపే లైను, క్లోజ్ ఫలితం చూసిన తర్వాతే రావాలి. మీ కోడ్‌బేస్‌లో సగం రోజే సమయం ఉంటే ఈ చోట్లే వెతకండి. మిగతా చోట్ల ఎర్రర్ కంటపడకపోయినా మళ్లీ నడుపుకోవచ్చు, ఇక్కడ కంటపడకపోతే మళ్లీ నడపడానికి మూలమే ఉండదు.

7. మీ భాషలో ఇది ఎక్కడ దాక్కుంటుంది

పైథాన్‌లో ‘విత్’ బ్లాక్ వాడితే బ్లాక్ చివర క్లోజ్ ఫెయిలైనప్పుడు ఓఎస్‌ఎర్రర్ వస్తుంది, కాబట్టి చాలావరకు నిశ్చింత. విత్ లేకుండా ఓపెన్ చేసి వదిలేస్తే ఆబ్జెక్ట్ నశించేటప్పుడు వచ్చే ఎర్రర్‌ను పట్టుకునే దారి లేదు. సింక్ కావాలంటే ఫ్లష్, ఆపై ఓఎస్ మాడ్యూల్‌లోని ఎఫ్‌సింక్.

గోలో ‘డిఫర్ క్లోజ్’ అనే లైను చూడముచ్చటగా ఉంటుంది, ఎర్రర్‌ను మింగేస్తుంది. రాసే ఫైల్ అయితే రిటర్న్ ఎర్రర్‌కు పేరు పెట్టి, డిఫర్‌లో ఒక ఫంక్షన్ రాసి, అప్పటిదాకా ఎర్రర్ లేకపోతే క్లోజ్ ఎర్రర్‌ను అందులో పెట్టండి. బఫ్‌ఐఓ రైటర్ వాడుతుంటే మరీ జాగ్రత్త. ఫైల్ క్లోజ్ చేసినా ఆ బఫర్ ఫ్లష్ కాదు, మీరే ఫ్లష్ పిలిచి ఫలితం చూడాలి.

రస్ట్‌లో ఫైల్ వేరియబుల్ స్కోప్ దాటగానే క్లోజ్ అవుతుంది, అక్కడ వచ్చే ఎర్రర్‌ను వదిలేస్తారు. డాక్యుమెంటేషన్‌లో దాచకుండా ఆ మాటే ఉంది, సింక్ ఆల్ పిలవమని చెబుతుంది. బఫ్‌రైటర్ డ్రాప్ అయినప్పుడు జరిగే ఫ్లష్‌దీ అదే కథ. ఎర్రర్ల విషయంలో అంత పట్టుదలగా ఉండే భాషలో ఈ సందు మిగిలిపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. సీ++లో ఆఫ్‌స్ట్రీమ్ డిస్ట్రక్టర్ కూడా అంతే. క్లోజ్‌ను మీరే పిలిచి ఫెయిల్ అడగాలి.

జావాలో ట్రై విత్ రిసోర్సెస్ క్లోజ్ ఎర్రర్‌ను ఎక్సెప్షన్‌గా పైకి పంపుతుంది. ప్రింట్‌రైటర్ మాత్రం ఏ ఎక్సెప్షనూ ఇవ్వదు, చెక్‌ఎర్రర్ అడగందే నోరు విప్పదు.

షెల్ స్క్రిప్టుల్లో పైప్‌లైన్ ఫలితం అంటే చివరి కమాండ్ ఫలితమే. మొదటి కమాండ్ సగంలో చచ్చినా తెలియదు, అందుకే బాష్‌లో పైప్‌ఫెయిల్ ఆన్ చేయండి. డేటా కాపీ చేసే డీడీ కమాండ్ వాడుతుంటే కన్వ్ ఆప్షన్‌లో ఎఫ్‌సింక్ చేర్చండి. కోర్‌యుటిల్స్ 8.24 నుంచి సింక్ కమాండ్‌కు ఫైల్ పేరు ఇవ్వవచ్చు, మొత్తం సిస్టమ్‌ను సింక్ చేయనక్కర్లేదు.

8. ఎర్రర్‌ను పుట్టించి చూడటం

ఫుల్ పరికరం అన్నిటికంటే తేలిక. అవుట్‌పుట్ ఫైల్ పేరు తీసుకునే ఏ ప్రోగ్రామ్‌కైనా దాని పాత్ ఇచ్చి, ఎగ్జిట్ కోడ్ 0 కాదని, సందేశం వచ్చిందని చూసే టెస్ట్ రాయండి. తక్కువ డేటాతో ఒకటి, 4096 బైట్లు దాటే డేటాతో ఒకటి. మొదటిది ఎఫ్‌క్లోజ్ దారిని, రెండోది ఎఫ్‌రైట్ దారిని పరీక్షిస్తుంది. తాత్కాలిక ఫైల్, రీనేమ్ పద్ధతిని దీంతో పరీక్షించలేరు. దానికి 1 మెగాబైట్ పరిమితితో ఒక టీఎమ్‌పీఎఫ్‌ఎస్ (మెమరీలోనే ఉండే ఫైల్‌సిస్టమ్) మౌంట్ చేసి, దాదాపు నింపేసి, అందులో నడపండి. పాత ఫైల్ చెక్కుచెదరలేదనీ, తాత్కాలిక ఫైల్ మిగిలిపోలేదనీ రెండూ చూడాలి. ఈఎక్స్‌టీ4 మీద రూట్ యూజర్‌గా టెస్ట్ చేయకండి. సాధారణంగా 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెట్టి ఉంటుంది, మామూలు యూజర్‌కు డిస్క్ నిండిన చోట రూట్‌కు నిండదు.

క్లోజ్, ఎఫ్‌సింక్ ఎర్రర్లను లోకల్ డిస్క్ మీద సహజంగా రప్పించడం కష్టం కాబట్టి, ఎస్‌ట్రేస్‌తో దొంగ ఎర్రర్ ఇప్పించాలి. ఇంజెక్ట్ ఆప్షన్‌లో కాల్ పేరు, ఇవ్వాల్సిన ఎర్రర్, ఎన్నో కాల్ నుంచి ఇవ్వాలో చెప్పవచ్చు. క్లోజ్‌కు ఇది వాడేటప్పుడు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు డైనమిక్ లింకర్ (లైబ్రరీలను ప్రోగ్రామ్‌కు జోడించే భాగం) కూడా లైబ్రరీ ఫైళ్లను ఓపెన్ చేసి క్లోజ్ చేస్తుంది, కాబట్టి ముందు మామూలుగా ఒకసారి ఎస్‌ట్రేస్ నడిపి మీ ఫైల్ క్లోజ్ ఎన్నోదో లెక్కపెట్టుకోవాలి. ఇంకోటి, ఇంజెక్ట్ చేసిన కాల్‌ను కెర్నెల్ నిజంగా నడపదు. డిస్క్రిప్టర్ తెరిచే ఉండిపోతుంది, అసలు లైనక్స్ ప్రవర్తనకు అది భిన్నం. మీ టెస్ట్ చివర్లో డిస్క్రిప్టర్ లీక్ కనబడితే అది మీ ప్రోగ్రామ్ తప్పు కాదు, ఎస్‌ట్రేస్ మిగిల్చింది.